చెంచాతో తాగాల్సిన నీళ్ళు

ఉప్పక్కకి లోకంలో తెలిసిన జబ్బు ఒక్కటే: ఒంట్లో ఉప్పు తగ్గడం. తలనొప్పా? ఉప్పు. నీరసమా? ఉప్పు. అత్తగారితో గొడవా? అదీ ఉప్పే, కాకపోతే అత్తగారికి తగ్గింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో మడతల బల్ల దగ్గర ఆవిడే పెద్దదిక్కు.

ఆవిడ బాధితుల్లో మొదటి వరస కొత్తమ్మాయిది. చేరి రెండేళ్ళయినా, ఆ తర్వాత ఎవరూ చేరకపోవడంతో కొత్తమ్మాయిగానే మిగిలిపోయింది. ఇంట్లో పొయ్యి ముందు నిలబడి, బస్సులో నిలబడి, ఇక్కడికొచ్చి ఆవిరి ఇస్త్రీ యంత్రం ముందు మళ్ళీ నిలబడేది. ఇక నెలసరి వచ్చిందంటే నడుం విరిగిపోయేది, కాళ్ళు పీకేవి, కళ్ళముందు దుప్పట్లన్నీ కలిసిపోయి ఒకటే తెల్లటి మసక.

"ఏమే, వచ్చేసిందా?" అని హాలు అవతలి నుంచి ఉప్పక్క కేకేసేది. సరిగ్గా అప్పుడే యంత్రాలన్నీ ఆగేవి.

"మెల్లిగా అక్కా! మేనేజరుగారు ఉన్నారు."

"ఉంటే? ఆయన్నేమైనా అడిగానా?" అని, ఆయన వైపే తిరిగేది. "సార్, దీనికి సోడియం పడిపోయింది! నెలసరికి హార్మోన్లు ఊగుతాయి, వాటితో ఒంట్లో నీళ్ళూ ఉప్పూ ఊగుతాయి. చివరికిది ఊగి యంత్రం మీద పడుతుంది!"

నెలసరన్న మాట దగ్గరే మేనేజరు ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచేవాడు. ఆ ఫోను మోగగా ఎవరూ వినలేదు.

తర్వాత పెద్ద గ్లాసు వచ్చేది. నిమ్మరసం, చక్కెర, చిటికెడు ఉప్పు. పక్కన చెంచా.

"గటగటా తాగేస్తానక్కా, పనుంది."

"ఒంటికి పట్టదే. చెంచాతోనే తాగాలి. కూర్చుని."

మూటలు కట్టే ఆవిడకి బీపీ ఉంది కాబట్టి ఆవిడ గ్లాసులో వట్టి నీళ్ళే. "మరి ఇందులో ఉప్పేదీ?" అంటే, "ఉప్పు లేకపోయినా చెంచాతోనే" అనేది ఉప్పక్క.

ఒక నెల కొత్తమ్మాయి బస్సు దిగుతూనే తూలి పడింది. డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించింది.

"సోడియం, పొటాషియం అన్నీ బాగున్నాయి. నెలసరికి అవి కాస్త అటూ ఇటూ అయినా మామూలుగా ఒళ్ళే సర్దుకుంటుంది. నీకు తగ్గింది రక్తం. ఐరన్ మాత్రలు వేసుకో. నెలసరికి రక్తం ఇంత ఎక్కువగా ఎందుకు పోతోందో కూడా చూద్దాం."

మర్నాడు కొత్తమ్మాయి నేరుగా మడతల బల్ల దగ్గరికి వెళ్ళింది. అరిచే ఓపిక లేదు కాబట్టి నీరసంగానే కోప్పడింది.

"అక్కా, నా ఉప్పుకి ఏ లోటూ లేదట."

"హమ్మయ్య. మరేం తగ్గిందట?"

"రక్తం."

ఉప్పక్క చేతిలో దుప్పటి ఆగిపోయింది. "అయ్యో, అది నాకు తట్టలేదే. ముందే డాక్టరు దగ్గరికి తోలాల్సింది."

"మరి ఇన్నాళ్ళూ ఆ సోడియం గోలంతా ఏంటి?"

"నీ వయసులో నేను నడుం నొప్పి, కాసేపు కూర్చుంటానంటే, 'నొప్పి ఎవరికి లేదు?' అన్నాడు అప్పటి మేనేజరు. నొప్పంటే ఎవరూ కదలరే. సోడియం అంటే ఏంటో తెలీక హడలిపోతారు. ఆ గ్లాసు చెంచాతో తాగాలంటే అరగంట పడుతుంది. అరగంటా నీ నడుం వాలుతుంది కదా."

కొత్తమ్మాయికి అప్పుడు తట్టింది. తను గ్లాసు ముందేసుకుని విసుక్కున్న అరగంటల్లో దుప్పట్లు ఎప్పుడూ పేరుకుపోలేదు. ఉప్పక్కే వచ్చి ఆ యంత్రం ముందు నిలబడేది. బల్ల మీది దుప్పటి రెండో కొస పట్టుకుంది.

ఇంతలో అవతల ఉతికే యంత్రం దగ్గరి పిల్ల పొట్ట పట్టుకుని గోడకి చేరబడింది. మేనేజరు అటే వస్తున్నాడు. కొత్తమ్మాయి గొంతు సవరించుకుంది.

"సార్! ఆ పిల్లకి పొటాషియం పడిపోయింది!"

మేనేజరు ఫోను తీశాడు.

ఉప్పక్క ఆమె చెవి దగ్గరికి వంగింది. "పొటాషియం సోమవారమే వాడేశానే. మెగ్నీషియం అను."