అడగకముందే ఇచ్చేవాళ్లం

బెంగళూరు చిక్కపేటలో మాది చీరల కొట్టు. మూడు తరాలుగా బేరాలాడి బతుకుతున్న ఇల్లు. కాబట్టి పాపను మొదటిసారి జయనగరలోని థెరపీ సెంటర్‌కు తీసుకువెళ్లిన రోజు నేను చేసిన పనికి నన్నొక్కణ్నే తిట్టడం న్యాయం కాదు. గంటకు వెయ్యి రూపాయలని, వారానికి నాలుగు గంటలు కావాలని అక్కడి పెద్ద మేడమ్ చెప్పగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. డజను సెషన్లు ఒకేసారి తీసుకుంటాం, హోల్‌సేల్ రేటు చెప్పండి, పదమూడోది ఫ్రీగా వేయండి అన్నాను. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కింది. ఇంకా గట్టిగా అడగమని సైగ చేస్తోంది కాబోలనుకుని, మీ పని నచ్చితే ఇంకో నలుగురు పిల్లలను పంపిస్తానని కూడా చెప్పాను.

మేడమ్ కోప్పడలేదు. ఇక్కడ డజన్లుండవు సర్ అని నవ్వి, ఫీజు తగ్గే దారి ఒకటుందని చెప్పింది. మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. ఆటిజం అని తేలి ఆరు నెలలయింది. మాటలు రాలేదు. తనకేం కావాలో కొత్త మనిషిని తానే అడగగలిగితే, నోటితోనే కానక్కర్లేదు, ఏ రకంగానైనా సరే, పాపను నలుగురు పిల్లల క్లాసులో చేర్చుకుంటారట. అది బడిలాంటిదే. ఫీజు సగానికంటే తక్కువ. అడగలేకపోతే మాత్రం ఒంటరి సెషన్లే ఇంకో ఏడాది సాగాలి.

ఇంకో ఏడాది మా వల్ల కాదు. మూటలు తెచ్చే వ్యాన్‌ను అప్పటికే అమ్మేశాం. ఆ డబ్బు దీపావళి దాకా వస్తుంది, ఆ తర్వాత ఏమిటో నాకు తెలియదు. వ్యాన్ పోయినందుకు సంతోషించింది మా ఇంట్లో ఒక్క పాపే. ఇక సెంటర్‌కు మెట్రోలోనే వెళ్లాల్సి వచ్చింది, దాని తలుపులు మూసుకునే ముందు వచ్చే మోత వినగానే రెండు చేతులూ ఆడిస్తూ ఎగిరేది. ప్రతి స్టేషన్‌లోనూ ఎగిరేది. నాలుగో రోజుకు మా నాయన కూడా పక్కన నిలబడి చేతులు ఆడించడం మొదలుపెట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి. పెట్టెలో వాళ్లంతా చూస్తుంటే నేను కిటికీలోంచి ఏమీ లేని చోటికి చూసేవాణ్ని.

సెంటర్‌లో పాపకు బొమ్మల కార్డులు నేర్పించారు. కోడుబళె బొమ్మ ఉన్న కార్డు చేతిలో పెడితే ఒక కోడుబళె ఇస్తారు. నీళ్ల కార్డు ఇస్తే నీళ్లు. చేగోడీల్లాంటి ఆ కోడుబళెలంటే పాపకు ప్రాణం, వేళ్లకు ఉంగరాల్లా తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కు తింటుంది. సంగతి వినగానే మా నాయన పొంగిపోయాడు. "ఇది యాపారమే కదప్పా! దీన్ని మన బిడ్డకు ఇంకొకరు నేర్పల్లా?" అన్నాడు.

అయితే సెంటర్‌లో అంతో ఇంతో ఇచ్చే పాప ఇంట్లో ఒక్క కార్డు కూడా ముట్టేది కాదు. ఎందుకో చూద్దామని పాపకు నేర్పే అమ్మాయి ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. విజయవాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన చిన్న పిల్ల. హాల్లో మూల కూర్చుని నోట్‌బుక్ తెరిచింది. పాప నీళ్ల కూజా వైపు చూసింది, మా ఆవిడ గ్లాసు అందించింది. పాప పైకి చూసింది, నేను ఫ్యాన్ వేశాను. పాప కాలి వేళ్లు ముడిచింది, మా నాయన చెప్పులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గంట గడిచాక ఆ అమ్మాయి పుస్తకం మూసేసింది.

"సర్, ఈ ఇంట్లో పాప అడగాల్సిన నీడ్ ఎక్కడుంది? మీరందరూ ముందే ఇచ్చేస్తున్నారు కదా," అంది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా కొట్టులో పని నేర్చుకోవడమంటేనే అది. రోజువారీకి నూలు చీరలు చాలమ్మా అంటూ పరుపు మీద కూర్చున్న ఆవిడ, మూలనున్న గులాబీ పట్టు వైపు రెప్పపాటు చూస్తుంది. చూసిన సంగతి ఆవిడకే తెలియదు. మా నాయనకు తెలుస్తుంది. ఆవిడ కాఫీ తాగేలోపు ఆ చీర ఆవిడ ఒళ్లో ఉంటుంది. ఏం కావాలమ్మా అని అడగడం మా కొట్టులో నామోషీ. అడిగినాక ఇచ్చేదానికి మనమెందుకప్పా, బీరువా చాలదా అంటాడు ఆయన. అంతటి విద్యనూ మేం పోటీలు పడి పాప మీద ప్రయోగించాం. పాప నోరు తెరవాల్సిన అవసరం, చెయ్యి చాపాల్సిన అవసరం లేకుండా చేశాం. అది తెలిసి నాకు ఏడుపొచ్చింది, వెంటనే ఎందుకో పగలబడి నవ్వొచ్చింది. మా ఆవిడకూ అంటుకుంది. ఆ అమ్మాయి పాపం, మేం బాధపడుతున్నామో లేదో తెలియక నీళ్లు తాగింది.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకోవాలి. పాపకేం కావాలో తెలిసినా తెలియనట్టుండాలి. మనసులో పది దాకా లెక్కపెట్టాలి. ముగ్గురు సేల్స్‌మన్లను పట్టుకుని చూపు వాడొద్దంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా ఆవిడ వంటింట్లోకి పారిపోయేది. నేను గోడ వైపు తిరిగి లెక్కపెట్టేవాణ్ని. మా నాయన తన చేతుల మీద తానే కూర్చునేవాడు. ఒకసారి కూజా వైపు పాకుతున్న ఆయన కాలిని నేను పట్టి వెనక్కి లాగాను.

ఇంతలో ఆయనకు ఇంకో కోరిక పుట్టింది. ఇంట్లో ఉన్న ప్రతిదానికీ ఫోటో తీసి కార్డు చేస్తున్నారు, ఫ్యాన్‌కు కూడా ఉంది, నాకెందుకు లేదని అలిగాడు. మనుషుల కార్డులు తర్వాత సంగతి అంకుల్ అని ఆ అమ్మాయి చెబితే వినలేదు. జరీ కండువా వేసుకుని, దువ్వెనకు రెండుసార్లు పని చెప్పి, ఫోటో దిగాడు. ఆ కార్డును పాప కార్డులన్నీ అంటించే ఫైలులో చివరి పేజీలో అంటించాం. అది అంటించిన చోటే ఉండిపోయింది. పాప తిరిగి చూసేసరికి మనిషి ఎలాగూ అక్కడే ఉంటాడు, ఇక కార్డుతో పనేముంది.

పదకొండో రోజు సాయంత్రం పాప కోడుబళె కార్డును ఊడబీకి మా నాయన అరచేతిలో ఫట్‌మని కొట్టింది. ఎవరూ కదల్లేదు. ఆయన ఆ కార్డును రెండు కళ్లకూ అద్దుకున్నాడు. కొట్టులో పొద్దున వచ్చే మొదటి నోటును అలాగే అద్దుకుంటాడు. "బోణీ అప్పా," అన్నాడు. తర్వాత డబ్బా మొత్తం పాప ముందు బోర్లించాడు. ఒక కార్డుకు ఒకటేనని ఆయనకు నేర్పడానికి ఇంకో వారం పట్టింది.

దసరా సీజన్‌లో, అదీ శనివారం, కొట్టుకు తాళం వేసి నలుగురి క్లాసు కోసం పెట్టే పరీక్షకు వెళ్లాం. మెట్రోలో పాపతో పాటు మేం ముగ్గురం చేతులు ఆడించాం. నేనూ ఆడించాను, భయం దాచుకోవడానికి అంతకంటే మంచి దారి కనపడలేదు. మా నాయనను లోపలికి రానివ్వలేదు. ఆయన కళ్లతోనే సైగలు చేసేస్తాడని అందరికీ తెలుసు. బయట మెట్ల మీద కూర్చోబెట్టారు.

లోపల పాప ఎప్పుడూ చూడని టీచరొకావిడ, బల్ల మీద మూత తెరిచిన కోడుబళెల డబ్బా. మేమిద్దరం వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాం. పాప డబ్బా వైపు చూడనేలేదు. గదంతా ఒక చుట్టు తిరిగి తలుపు దగ్గర ఆగింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. ఏం కావాలో నాకు తెలిసిపోయింది. పది దాకా మూడుసార్లు లెక్కపెట్టాను. మా ఆవిడ గోళ్లు నా చేతిలో దిగాయి. వ్యాన్ పోయింది, ఏడాది పోయింది అనుకున్నాను.

పాప వచ్చి ఫైలు తెరిచింది. కోడుబళె పేజీ తిప్పేసింది. నీళ్లు, ఫ్యాన్, చెప్పులు, మెట్రో, అన్నీ తిప్పేసింది. చివరి పేజీలో అంటుకుపోయిన కార్డును బర్రున ఊడదీసి టీచర్ చేతిలో పెట్టింది.

జరీ కండువాలో పెళ్లికొడుకులా ముస్తాబైన ముసలాయన ఫోటోను టీచర్ అటూ ఇటూ తిప్పి చూసింది. ఈయనెవరు అన్నట్టు మా వైపు చూసింది.

"మా నాయన," అన్నాను. "బయట మెట్ల మీద ఉండాడు."

ఆయన్ను పిలుచుకొచ్చేలోపే పెద్ద మేడమ్ నలుగురి క్లాసు ఫారం బయటికి తీసింది. మా ఆవిడ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ రెండో చేత్తో సంతకం పెట్టింది. మా నాయన కంగారుగా వచ్చి, ఏం తప్పు జరిగిందోనని అందరి మొహాలూ చూశాడు. టీచర్ కార్డు ఆయన చేతికిచ్చి, పాప అడిగింది మిమ్మల్నే అంది. ఆయన తన ఫోటోనే తన కళ్లకు అద్దుకున్నాడు.

తర్వాత పాప ముందు గొంతుకూర్చుని, యాభై ఏళ్ల వ్యాపారంలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"ఏం కావల్లమ్మా?"

అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని ఆగాడు. పాప తొందరపడలేదు. ఫైలు మొదటికి తిప్పి కోడుబళె కార్డు ఇచ్చింది. ఆయన ఒకటే ఇచ్చాడు. మళ్లీ ఇచ్చింది, మళ్లీ ఒకటి. అలా పన్నెండు దాకా ఒక్క కార్డు కూడా వదలకుండా లెక్కగా తీసుకున్నాడు. పదమూడోది మాత్రం కార్డు లేకుండానే పాప వేలికి తొడిగాడు. మేడమ్ చూసీ చూడనట్టు ఊరుకుంది.