తాత సగం టీలు

మా తాత సుభానీ దర్శి దారిలోని పత్తి మిల్లులో హెడ్ ఫిట్టరు. ఆయన తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకినవాడు కాబట్టి, పత్తి తమ వంశానికే రాసిచ్చిన పంట అన్నట్టు మాట్లాడేవాడు. మాకు సెంటు పత్తి చేను లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆయన కింద ఆరుగురు ఫిట్టర్లు. గింజల నుంచి దూది లాగే మిషన్లో తిరిగే రోలరుకు ఆనుకుని ఒక కత్తి ఉంటుంది. అది వదులైతే గింజకు దూది మిగిలిపోతుంది. మరీ బిగిస్తే రోలరు వేడెక్కి పత్తికి నిప్పంటుకుంటుంది. ఆ బిగింపు సరిచూడటమే వాళ్ల పని. పొద్దున సైరను మోగక ముందే తాత ఒక్కొక్కరితో విడిగా కూర్చుని సగం గ్లాసు టీ తాగేవాడు. ఏ మిషను ఎలా ఉందో అడిగేవాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికితే, "నిద్ర పోలేదేంట్రా? ఇవాళ నూనె డబ్బా పట్టుకో, కత్తి జోలికెళ్లకు" అనేవాడు. ఆరు సగాలంటే మూడు టీలు. నా చదువు ఏడో తరగతిలో ఆగినా ఆ లెక్క నాకొచ్చు.

రెండువేల మూడులో యజమాని నాగేంద్రబాబు గారు కొత్త షెడ్డు వేశారు. ఇంకో ఆరుగురు ఫిట్టర్లు వచ్చారు.

"వీళ్లని బుల్లయ్యకి అప్పజెప్పమంటావా, సుభానీ?" అని అడిగారాయన.

బుల్లయ్య తాత దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఆ ఆరుగురి లెక్కలో చేరని ఆయన కుడిభుజం. తాతకు రోషం వచ్చింది. "వాడికెందుకండీ? నిన్నగాక మొన్న స్పానరు పట్టాడు. పన్నెండు మందేంటి, ఇరవై మందినివ్వండి, చూస్తాను."

నిన్నగాక మొన్న అంటే పదిహేనేళ్ల కిందట.

ఇంటికొచ్చి ఛాతీ విరుచుకుని చెబితే మా నాయనమ్మ జైనాబీ చేతిలోని చేటను కింద పెట్టింది. "పన్నెండు సగాలు ఆరు టీలు. షుగరు మనిషివి. ఇక్కడ నేను చక్కెర డబ్బా దాస్తుంటే అక్కడ తాగొస్తావా?"

"ఊరుకోవే. హెడ్ ఫిట్టరుతో మాట్లాడుతున్నావ్."

మర్నాడు ఎనిమిదో సగం దగ్గరే సైరను మోగింది. మిగతా నలుగురూ టీ లేకుండా, మాట లేకుండా పనిలోకి పోయారు. వారం ఇలాగే నడిచాక తాత ఓ ఉపాయం పన్నాడు. అందరికీ ఒకేసారి టీ. తర్వాత జరిగింది బుల్లయ్య చెబుతుంటే తాత అడ్డంగా దగ్గుతుంటాడు.

"తొమ్మిదో నంబరు మిషను కత్తి వదులుగా ఉంది, అరచుట్టు బిగించండ్రా" అన్నాడట తాత. ఎవరు బిగించాలో చెప్పలేదు. విడిగా అయితే ఫిట్టరు కోటేష్ "నేనా మావా?" అని అడిగేవాడే. అంతమందిలో అడిగితే నవ్వుతారని తల ఊపాడు. పక్కనున్న అబ్దుల్లా కూడా ఊపాడు. కోటేష్ వెళ్లి అరచుట్టు బిగించాడు. గంట తర్వాత అబ్దుల్లా ఇంకో అరచుట్టు బిగించాడు.

మధ్యాహ్నం అన్నం తింటున్న బుల్లయ్యకు కాలుతున్న వాసన తగిలింది. చెయ్యి కడక్కుండానే పరిగెత్తి మిషను ఆపాడు. రోలరు దగ్గర గుప్పెడు పత్తి మండుతోంది. పదడుగుల అవతల కప్పు దాకా పత్తి గుట్ట, దాని ముందు పత్తి ఎత్తే ఆడవాళ్లు. తడి గోనె వేసి ఆర్పేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

తాత ఎవరినీ తిట్టలేదు. దానికే అందరికీ భయం వేసింది. సాయంత్రం నేరుగా యజమాని దగ్గరికెళ్లాడు.

"తప్పు నాదండి. ఆరుగురైతే ఎవరి చెయ్యి ఎలా ఉందో తెలుస్తుంది. పన్నెండు మందైతే తలకాయలే కనపడుతున్నాయి. కొత్త షెడ్డు బుల్లయ్యకివ్వండి."

"అయితే వాడూ హెడ్ ఫిట్టరే అవుతాడు మరి."

తాత చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "అవనివ్వండి. ఆ ఆడవాళ్లు ఇళ్లకెళ్లాలి కదండీ."

మర్నాడు తాత తన ఆరు సగాలు ముగించేసరికి బుల్లయ్య వచ్చి నిలబడ్డాడు. తాత ఇంకో రెండు సగాలు తెప్పించి ఒకటి వాడి చేతికిచ్చాడు.

"కూర్చోవయ్యా, హెడ్ ఫిట్టరు గారూ. నీ ఆరుగురి సంగతి చెప్పు. ఏరా, చెయ్యి వణుకుతోందేం?"

"ఆరు సగాలు తాగొచ్చా మావా. కడుపులో తిప్పేస్తోంది."

"అయితే నీ గ్లాసు కూడా ఇటియ్యి" అని తాత రెండు సగాలూ తనే తాగేశాడు.

ఆరూ రెండూ ఎనిమిది సగాలు, అంటే నాలుగు టీలు. ఆ కబురు నాయనమ్మకు చేరవేసింది నేనే.