బావ పొలంలో నేను కనిపెట్టిన ఆదిమానవుడు

అరవై దాటిన పసివయసులో నేనొక మహత్కార్యం చేసి, మా బావ వేరుశనగ సాగును ముంచబోయాను. ఇప్పటికీ పాతపట్నం బస్సులో నన్ను చూసి ముసిముసిగా నవ్వేవాళ్లున్నారు. నవ్వండి! వాళ్లలో ఒక్కడైనా రాతిలో అడుగు చూసి జంతువును చెప్పగలడా? నేను చెప్పగలను. బడిలో ఐదో తరగతి దాటలేదు గానీ, గ్రంథాలయం బీరువాలను చెదపురుగుల కంటే ముందే తినేసినవాణ్ణి.

బావ పొలం మూల ఎప్పటిదో వరద మేట ఉంది. దాన్ని తవ్వి చదును చేస్తుంటే అడుగున రాయిలాంటి మట్టి, దాని నిండా గుర్తులు. గొడుగు విసిరేసి బోర్లా పడుకున్నాను.

“ఆపండి! నాగలి దిగితే సరిత్ర నాశనం!”

“ఏటి బావా, ఏటున్నాదక్కడ?” అన్నాడు బావ. నేనాయన్ని, ఆయన నన్ను బావా అనే పిలుచుకుంటాం.

“గిట్టల జంతువు. కోట్ల ఏళ్లనాటిది. రెండు పక్కపక్కనే నడిసినాయి, జంటగా బతికే జాతి. ఎడమపక్కదాని అంగ పొట్టి. కుంటిది.”

“పదును ఆరిపోతన్నాది బావా! ఎల్లుండికి ఇత్తకపోతే ఈ యేడు గింజుండదు.”

“గింజలు ఏటా వస్తాయి. ఇది మల్లీ వస్తాదేటి?”

కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మేడమ్‌కు ఫోన్ చేశాను. రెండు రోజుల్లో వస్తానంది. ఈలోగా ఇంకాస్త తవ్వాను. జంతువులు ఎడమకే తిరిగాయి, మళ్లీ ఎడమకే. వాటి వెనక మనిషి పాదం! చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి ఉంది. చెట్లెక్కి ఎక్కి వంకరపోయింది, ఇంకేముంది!

మేడమ్ వచ్చి టేపుతో కొలిచింది. “తాతగారూ, జంట, కుంటి, అన్నీ సరిగ్గా చెప్పారు. కానీ కోట్ల ఏళ్ల కిందట మనిషే లేడండి.”

“అయితే మీ పుస్తకాలు దిద్దుకోండి,” అన్నాను. ఔను, అన్నాను.

అంతలో బావ పెళ్లాం, అంటే మా అప్ప, టీ పట్టుకొచ్చి గట్టు మీంచి తొంగి చూసింది.

“ఒరే, ఈ పొలం నాకు రాసియ్యకముందు నాన్న కళ్లం ఇక్కడే కాదేట్రా? తడి మట్టిని ఎడ్లసేత తొక్కించి, సదును సేసి అలకమన్నాడు. నువ్వు తొక్కించీసి పుస్తకాలకని పోనావు. మర్నాడే వరదొచ్చీసింది. ఈ కుంటిది మన మచ్చెద్దే!”

నలభై ఏళ్ల నాటి మాట. నా జ్ఞాపకశక్తి అపారం. ఆ రోజు చదివిన పుస్తకంలో ఏ పేజీ చిరిగిందో ఇప్పుడడిగినా చెబుతాను. కళ్లం మాత్రం గుర్తులేదు.

“మరి ఆదిమానవుడో?”

“కాలిజోడు ఇప్పు.”

విప్పాను. ఎడమ పాదం ఆ గుంటలో పెట్టాను. ఒరలో కత్తిలా కూర్చుంది, చిటికెన వేలుతో సహా. మేడమ్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. బావ మాత్రం నవ్వలేదు. ఎడ్లను అదిలించి అన్నాడు:

“ఆదిమానవ బావా, ఆ ఇత్తనాల బుట్ట ఎత్తుకో. నాగలెనకాల నడువు.”

చీకటి పడేదాకా నడిచాను. పదును చేజారకముందే విత్తనం పడింది.

కనుక సమస్త మానవజాతికి ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రాచీన పాదముద్ర కనిపించినా, ముందు జోడు విప్పి నా కాలు పెట్టి చూసుకోకుండా నోరు విప్పను. అయితే ఎద్దు కుంటిదని మాత్రం నేనే చెప్పాను. అది రాసిపెట్టుకోండి.