లెక్కకు రాని టమేటా

నేను ఐదో తరగతి దాకానే చదివాను. అయితే ఆ ఐదో తరగతినే మూడేళ్లు చదివాను కాబట్టి, కూడితే ఏడేళ్ల చదువు. ఆ ధైర్యంతోనే కాబోలు, తొంభైల చివర్లో మదనపల్లె శివారులో ఒక అంగన్‌వాడీ గోడ మీద పసిపిల్లలకు కూడికల బొమ్మలు వేయడానికి ఒప్పుకున్నాను. మాది పుంగనూరు. అటు కుప్పం దాకా అంగళ్లకు బోర్డులు రాసిన చెయ్యి నాది. టమేటాలు గీయలేనా?

టీచరమ్మ కొత్తగా చేరింది. కిందటిసారి వచ్చిన సూపర్‌వైజరు, పిల్లలకు ఐదు లోపు కూడికలు కూడా రావడం లేదని రిజిస్టర్లో రాసిపోయిందట. రేపు మళ్లీ వస్తుందట. ఈసారీ అదే రాస్తే ఉద్యోగం నిలవదని ఆమె భయం. నేనుండగా భయమెందుకని చెప్పి మూడు టమేటాలు, కూడిక గుర్తు, ఇంకో రెండు టమేటాలు వేశాను. అన్నీ ఒకేలా ఉంటే నా పనితనం ఏం తెలుస్తుందని ఒకదానికి పగులూ, దాని చుట్టూ నల్లమచ్చా పెట్టాను. ఈగ వాలేట్టు కుదిరింది.

టీచరమ్మ పిల్లల్ని నిలబెట్టి, అన్నీ కలిపి ఎన్నని అడిగింది. నాలుగన్నారు. ఒక్కొక్కరినే పిలిచి అడిగినా నాలుగే. ఆమె ముఖం వాడిపోయింది. నేను ఐదు దగ్గర ఆగాను, వీళ్లు నాలుగు దగ్గరే ఆగారని నవ్వాను. ఆమె నవ్వలేదు.

సరే, నేనే చెబుతానని ముందున్న పాప వేలు పట్టుకుని ఒక్కో పండు మీద పెట్టించాను. మచ్చపండు దగ్గరికి రాగానే వేలు లాగేసుకుంది.

"యాల పాపా, ఇది పండు కాదా?"

"అది బాక్సులో ఎయ్యకూడదు. మాయమ్మ పారేస్తాది."

అప్పుడర్థమైంది. ఆ వీధిలో సగంమంది తల్లులు మార్కెట్లో టమేటాలు ఏరి బాక్సులకెత్తే పనికి పోయేవాళ్లే. పిల్లలు ఆ కుప్పల పక్కనే ఆడుకుంటూ పెరిగారు. పగిలిన పండు చేతికొస్తే అవతల పడాల్సిందే, లెక్కలోకి రాదు.

ఎర్ర రంగు డబ్బా మళ్లీ తెరిచి, అంత ముచ్చటపడి పెట్టిన మచ్చను రెండు పూతల్లో కప్పేశాను. రంగు ఆరకముందే ఐదన్నారు. మర్నాడు సూపర్‌వైజరు ముందూ అదే చెప్పారట. ఆవిడ రిజిస్టర్లో బాగుందని రాసిపోయిందట.

ఆ వారంలోనే మిగిలిన గోడ రాయడానికి పోయి, ఐదో తరగతి తప్పినోడు ఒక్కపూటలో మీ పిల్లలకు కూడిక నేర్పాడు చూశారా అని గొప్పలు పోయాను. టీచరమ్మ చేస్తున్న పనిలోంచి తలెత్తకుండానే అంది:

"మా పిల్లోళ్ల లెక్క మొదట్నించీ సరిగ్గానే ఉండాదిలేన్నా. పాడైంది పండు. పాడు చేసింది నువ్వు."