చిలక కుర్చీ, నా నోటుబుక్కు

ఆ దినాలల్ల నాకు ఆకలికంటె కడుపుమంటనే ఎక్కువుండె. (అప్పట్ల దాన్ని పట్టుదల అని చెప్పుకునేదాన్ని.) డిగ్రీ అయినంక నేను, మా చిన్నమ్మ బిడ్డ ఇద్దరం వికారాబాద్ల పొద్దుగాల రైలెక్కి తాండూరు పోతుంటిమి. బండలు పాలిష్ చేసి బయటి దేశాలకు పంపే ఒక సేటు దగ్గర నౌకరి. మా చెల్లెను అందరు చిలక అంటుండె, ఏది విన్నా గట్లనే అప్పజెప్తది. ఒకనాడు సేటు, స్పెయిన్ నుంచి బండలు కొనేటామె వస్తున్నదని చెప్పిండు. ఆమెతోని ఎవరు ముచ్చట పెడితే వాళ్ళకే ఆఫీసు రూముల కుర్చీ అట, రెండోవాళ్ళు ఎప్పటిలెక్కనే దుమ్ముల నిలబడి బండలు కొలవాలె.

చిలక ఫోన్ల చూసి రెండు రోజులల్ల 'బ్వేనోస్ దియాస్', 'కే తాల్', 'గ్రాసియాస్' పట్టేసింది. రైల్ల పల్లీలమ్మే ముసలాయనకు గూడ థాంక్స్ అనేటందుకు గ్రాసియాస్ అంటుండె, ఆయన సంబురపడి ఇంకో పిడికెడు పోస్తుండె. నాకు ఒళ్ళు మండేది. నమస్తే, బాగున్నవా అంటే భాష వచ్చినట్టేనా అని నేను పునాది నుంచి మొదలుపెట్టిన. 'ఎన్' అంటే లో, 'కోన్' అంటే తో, 'సిన్' అంటే లేకుండా. మనకు ఇవి మాటెనుక వస్తే వాళ్ళకు ముందుగాల వస్తయి. ఇగ పారా, పోర్ అని రెండున్నయి. ఎవరికోసమో చెప్పాలంటే పారా, ఎందువల్లనో చెప్పాలంటే పోర్. గా రెండిటితోనే రైలు ధారూరు దాటేదాక కొట్లాడేదాన్ని. చెల్లె కంట పడొద్దని నోటుబుక్కుకు వ్రతకథ అట్ట వేసిన.

స్పెయిన్ ఆమె రానే వచ్చింది. చిలక నవ్వుకుంట బ్వేనోస్ దియాస్, కే తాల్ అన్నది. ఆమె మస్తు ఖుషీ అయ్యి, ఆపకుండ స్పానిష్ల మాట్లాడుడు షురూ చేసింది. చిలక అన్నిటికి 'సీ, సీ' అని తలూపుతున్నది. ఆమె మాత్రం మెరిసే బండ మీద చెయ్యి పెట్టి మూడుసార్లు 'సిన్' అన్నది. పాలిష్ లేకుండ కావాలని నాకు అర్థమైంది. సేటేమో మెరిసే బండలనే లారీకి ఎత్తిస్తున్నడు. నేను నోరు తెరువలే. చిలకను మునగనీ అనుకున్న, నిజం చెప్తున్న, ఎంత హాయిగుండెనో. అంతల చిలక నా చున్నీ పట్టుకొని, "అక్కా, నాకొక్క ముక్క సమజైతలేదు. నువ్వు రోజు రైల్ల చదువుతవు గద, జర చెప్పరాదే" అన్నది.

అట్ట సంగతి దానికి ఎప్పుడో తెలుసు. సిగ్గుతోని పోయి "సిన్ పాలిష్" అని బండ గరుకు దిక్కు చూపిచ్చిన. ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. సరుకు ఖాయమైంది. కుర్చీ మాత్రం చిలకకే ఇచ్చిండు సేటు, ఆమెను నవ్విచ్చింది చిలకనే గదా అన్నడు. నేను మళ్ళ దుమ్ములకే.

తర్వాత నేను నౌకరి ఇడిసి వికారాబాద్ల బట్టల దుకాణం పెట్టుకున్న. చిలక ఇంకా గా కుర్చీలనే ఉన్నది. నాలుగు దినాలకొకసారి ఫోన్ చేసి "అక్కా, ఈడ పారా పెట్టాల్నా, పోర్ పెట్టాల్నా?" అని అడిగేది. (వెంటనే ఎత్తకపోయేదాన్ని. జరసేపు మోగనిచ్చేదాన్ని.) ఈ నడుమ ఆ ఫోన్లు బందైనయి. మొన్న దావత్ల కలిస్తే, నన్ను మర్చిపోయినవా అని అడిగిన.

"లేదక్కా, పారానో పోరో ఇప్పుడు ఫోనే చెప్తది" అన్నది.

ఇన్నేండ్లు దాని కుర్చీ మీద ఏడ్సిన, ఇప్పుడు గా ఫోను మీద ఏడుస్తున్న. నోటుబుక్కు ఇంకా దుకాణం గల్లాపెట్టెలనే ఉన్నది. (వ్రతకథ అట్ట గదా, పారేస్తే పాపమని ఉంచిన.)