బొగ్గు లెక్కలో గులాబీలు

డిగ్రీ రెండో సెమిస్టర్ మొదలయ్యేనాటికి మా పాపకు నాలుగు నెలలు. ఎంకపల్లి నుంచి మొయినాబాద్‌కు ఆటో, అక్కడి నుంచి చేవెళ్లకు బస్సు. కాలేజీ మెట్లెక్కుతూనే ఇంటికి ఫోన్ చేసేదాన్ని. పాలు తాగిందా, కక్కిందా, ఒళ్లు వెచ్చగా ఉందా? ఒకరోజు నాలుగోసారి చేసేసరికి అత్తమ్మ, "నువ్వు ఫోన్ బంద్ జేస్తేనే పిల్ల పండుకుంటది. గా మోతకే లేస్తున్నది" అని పెట్టేసింది.

మాకు అరెకరం గులాబీ తోట ఉంది. తెల్లవారకముందే పూలు తెంపి, గంపలకెత్తి, మార్కెట్లో కమీషన్ మీద అమ్మిపెట్టే సేటుకు పంపడం ఏళ్లుగా అత్తమ్మ పని. పాప కోసం ఆ పని మా ఆయనకు అప్పజెప్పి ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం ఆమెకు చేతకాదు. "ఈ ఒక్క సెమిస్టర్ చూస్తా. పాసైతే చదువు. లేకుంటే నా తోట నాకియ్యి" అంది. నేను ఒప్పుకున్నాను.

ఇంటర్‌లో నాది సైన్స్, డిగ్రీలో కామర్స్. అకౌంట్స్ అంటే భయం. అయితే కన్‌సైన్‌మెంట్ పాఠం వచ్చినప్పుడు మాత్రం నవ్వొచ్చింది. సరుకు మనది, అమ్మేది ఇంకొకరు, ఆయనకు కమీషన్. ఇది రోజూ మా ఇంట్లో జరిగేదే కదా అనుకుని, చదవకుండానే ఇంటర్నల్ పరీక్ష రాశాను. ఆ లెక్కకు సున్నా వచ్చింది.

"దారిలో ఆరిపోయి తగ్గిందీ, లారీ బోల్తా పడి పోయిందీ ఒకటేనా అమ్మా? రెండూ కలిపి తీసేసినవ్" అన్నారు సార్.

"అక్క ఇంట్ల లెక్కలు గిట్లనే ఉంటయేమో సార్" అని వెనక బెంచీ నుంచి ఒకడు. అందరూ నవ్వారు. నిజమే, సేటు చీటీలో ఎంత తక్కువ పడితే అంత తీసేయడమే నాకు తెలిసిన లెక్క.

సాయంత్రం అత్తమ్మ పాపను ఒళ్లో వేసుకుని, నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"ఇరవై కిలోలు పంపితే ఆడికి పోయేసరికి కిలో తగ్గుతది. తడి ఆరకుండ ఎవలాపుతరు? ఆ కిలో ధర మిగిలిన పందొమ్మిది కిలోల మీదనే రావాలె. గట్ల అనుకునే మనం రేటు అడుగుతం."

"మరి గంపే పడిపోతే?"

"పోయినేడు ఆటో పల్టీ కొట్టి రెండు గంపలు రోడ్డు పాలాయె. అది మిగిలిన పూల తప్పా? ఆ పైసలు గూడ వీటి మీదనే వేస్తే ఎవడు కొంటడు? దాన్ని వేరే పక్కకు పెట్టి ఏడ్సుకోవాలె."

పుస్తకం మళ్లీ తెరిచాను. నార్మల్ లాస్, అబ్నార్మల్ లాస్ అని రాసి ఉన్న చోట సరిగ్గా అదే ఉంది, ఏడుపు తప్ప.

అసలు పరీక్షకు ముందురోజు పాపకు టీకా వేశారు. పొద్దున చూస్తే ఒళ్లు కాలుతోంది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. "టీకా జ్వరమే, మాపటికల్ల దిగుతది. పో" అని అత్తమ్మ నా బ్యాగు నా భుజానికి తగిలించింది.

పరీక్ష హాలు దగ్గర ఫోన్ బయట పెట్టించారు. మొదటి అరగంట చెయ్యి కదల్లేదు. తర్వాత ఆ ప్రశ్న కనబడింది. బొగ్గు పంపారు. దారిలో పొడి రాలి కొంత తగ్గింది, నిప్పంటుకుని కొంత కాలిపోయింది. నాకు మాత్రం గులాబీలే కనిపించాయి. రాలిన పొడి ధరను మిగిలిన బొగ్గు మీద వేశాను. కాలిన బొగ్గును పక్కకు పెట్టాను. ఖాతా రెండు వైపులా మొదటిసారే సమానమైంది. నమ్మకం కలగక రెండుసార్లు కూడి చూశాను.

బయటికి రాగానే ఫోన్ చేశాను.

"జ్వరం దిగింది. గా లెక్క వచ్చిందా?"

"వచ్చింది అత్తమ్మా, బొగ్గు మీద."

"బొగ్గు గూడ కమీషన్ మీదనే అమ్ముతరా?"

ఫలితాలు వచ్చిన రోజు చూసుకుంటే, అన్నింటికన్నా అకౌంట్స్‌లోనే నాకు ఎక్కువ మార్కులు. వెనక బెంచీ అబ్బాయి దగ్గరికొచ్చి, "అక్కా, ట్యూషన్ చెప్తవా?" అన్నాడు. "మా అత్తమ్మను అడుగు, ఫీజు ఆమెకే" అన్నాను.

ఇంటికెళ్లి మార్కులు చెప్పాను. అత్తమ్మ పాపను చంకనేసుకుని ప్రహరీ దగ్గరికి వెళ్లి, పక్కింటామెను పిలిచింది.

"రేపటి సంది మా కొడుకుకు తోడు పూలు తెంపనీకి నువ్వు రావాలె, కూలి ఇస్త. మా కోడలుకు ఇంక నాలుగు సెమిస్టర్లున్నయి."