బురుజు ఎక్కిన మా అమ్మ

పాతబస్తీలో మా ఇల్లు ఒక బురుజును ఆనుకుని ఉంటుంది. శత్రువులు మీద పడకుండా పట్నం చుట్టూ ఒకప్పుడు కట్టిన రాతిగోడకు అది కావలి బురుజు. తర్వాత్తర్వాత రోడ్ల కోసం గోడను కొంచెం కొంచెంగా పడగొట్టారు. బురుజు మిగిలింది. వెనకటికి మూసీ నది పొంగినప్పుడు మా తాత వాళ్ల నాయనమ్మ దాని మీదికెక్కే ప్రాణాలు దక్కించుకుందట. ఆ సంగతి చెప్పకుండా మా తాత ఎవరికీ మా ఇంటి దారి చెప్పేవాడు కాదు.

నేను పెరిగేనాటికి ఆ ఘనత ఏమీ లేదు. మా బర్రెల కొట్టం దానికి ఆనించి ఉండేది. ఎండ తగిలే వైపు అమ్మ పిడకలు కొట్టేది. కుట్టుమిషన్ మీద పిల్లల్ని పెంచిన పక్కింటి చాచీ రెండోవైపు బట్టలు ఆరేసేది. లోపలి మెట్ల దారిలో గల్లీ అంతా చెత్త పోసేది. పైకి ఎక్కిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

మొన్నటి వానలకు పైనుంచి రాళ్లు జారి గల్లీలో పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఒక అధికారి వచ్చి, ప్రమాదం, కూల్చేస్తామన్నాడు. అన్నట్టే జేసీబీతో వచ్చాడు.

అమ్మ పేడ చేతులతోనే వెళ్లి దానికి అడ్డం నిలబడింది.

"గిదేంది సారూ? పన్ను కదిలితే దవడ పీకుతరా?"

"ఇదేమన్నా కోటనా అమ్మా? చెత్తకుప్ప!" అన్నాడాయన.

అమ్మ చెత్తతో నిండిన మెట్ల దారి వైపు చూసింది. ఆయన అన్నది నిజమే. అప్పుడు చాచీ దుపట్టా సర్దుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"కచరా మాదే సాబ్. మేమే తీస్తం. ఆదివారం దాంక ఆగుండ్రి. గప్పుడొచ్చి చూడుండ్రి."

జేసీబీ వెనక్కి మళ్లింది. ఆ పూటే అమ్మ కొట్టం విప్పించి, బర్రెలను జల్‌పల్లిలో మా మేనమామ దగ్గరికి తోలించింది. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. గల్లీలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు పారో తట్టో పట్టుకుని వచ్చారు.

"పెండ్లిళ్లకు గూడ గిట్ల కలువలే మనం," అని చాచీ నవ్వింది.

చెత్త కింద నుంచి ఒక్కో మెట్టే తేలింది. లోపలి గోడలో తుపాకీ గొట్టం పట్టేంత సన్నటి కంతలు కనిపించాయి. ఒకదానికి కన్ను ఆనించాను. నేను రోజూ నడిచే రోడ్డు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నా కంటి కింద ఉంది. ఒళ్లు పులకరించింది.

ఆదివారం ఆ అధికారి, పాత కట్టడాలు చూసే ఇంజనీరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె లోపలికి వెళ్లి చాలాసేపు చూసి, చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది.

"పునాది గట్టిగా ఉంది. పైవరుస మళ్లీ కడితే చాలు. కూల్చే పనే లేదు."

గల్లీ అంతా ఈలలు. చాచీ అమ్మను గట్టిగా వాటేసుకుంది.

తర్వాత ఇంజనీరమ్మ పంపిన మేస్త్రీలు వచ్చి సున్నం నూరి పైవరుస నిలబెట్టారు. పని పూర్తయిన రోజు అమ్మ మెట్ల దగ్గర ఆగిపోయింది.

"నా మోకాళ్లు ఎక్కనియ్యవే."

"చల్, నా భుజం పట్టు," అంది చాచీ.

ఆగుతూ, ఆయాసపడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ఇద్దరూ పైకి చేరారు. చుట్టూ మినార్లు, డాబాలు, దూరంగా మూసీ. అమ్మ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, కింద నిలబడ్డ మా నాయనకు గల్లీ అంతా వినపడేలా కేకేసింది.

"ఏమయ్యో! పట్నం మొత్తం కనవడ్తాంది! నేనిప్పుడే దిగ, అన్నం గిన్నె పైకే పంపు!"